తిరుగు బాడుగ

మొన్న మదనపల్లె నుంచి పుంగనూరుకు మా తమ్ముడి కొడుకు కారులో బయలుదేరాను. ఊరి చివర బంకు దగ్గర వాడు కారు ఆపి, కిటికీ అద్దం నాలుగు వేళ్ళ మేర దించి, "ఐదు నూర్లకు కొట్టప్పా" అన్నాడు. లీటరు ఎంతని అడగలేదు. మీటరు వైపు తల తిప్పలేదు. ఫోను చూపించాడు, అది కుయ్‌మంది, అద్దం పైకి లేచింది. అంతే, అయిపోయింది.

నాకు మాత్రం ఒళ్ళో ఉన్న చేతిసంచీ మీద పట్టు దానంతట అదే బిగుసుకుంది. ఐదు వందలు! మా అమ్మ చేతుల్లో అన్ని రూపాయలు ఒక్కసారిగా నేను చూసిన గుర్తు లేదు.

"ఏమిరా, రేటు మళ్ళా పెరిగిందా?" అన్నాను.

"పెరిగింటాది లే అత్తా. దాన్నెవురు సూస్తాండారు? ఈ ఐదు నూర్లకు పుంగనూరు పొయ్యొస్తాం. కుప్పం దాకా అంటే ఇంగా పట్టించాల" అన్నాడు వాడు, పాట మార్చుకుంటూ.

దాన్నెవరు చూస్తారట! మా ఇంట్లో దాన్ని తప్ప ఇంకేమీ చూడని ఏడాది ఒకటి ఉండేది. ఆ ఏడాది నేనొక పాపం కూడా చేశాను. దాన్ని పాస్టరుగారికి చెప్పలేదు, కట్టుకున్నాయనకూ చెప్పలేదు. ఒక్క మనిషికి మాత్రం చెప్పాను.

మా నాయనకు ఒక బాడుగ కారు ఉండేది. ఎవరో దొర తన దేశానికి పోతూ పోతూ తక్కువలో ఇచ్చిపోయిన నల్ల కారు. దాని వయసు నా వయసుకు రెండింతలు. వెనక సీటులో ఒక స్ప్రింగు పైకి లేచి ఉండేది. తెలిసినవాళ్ళు దానికి చోటు వదిలి కూర్చునేవాళ్ళు, తెలియనివాళ్ళు ఒకసారి కూర్చుని తెలుసుకునేవాళ్ళు. ఊరి బయట ఊపిరితిత్తుల జబ్బుకు పెద్ద ఆస్పత్రి ఒకటి ఉండేది. దానికి గొప్ప పేరేదో ఉన్నా మా చుట్టుపక్కల అందరూ దగ్గు ఆస్పత్రి అనేవాళ్ళు. దాని గేటు ముందు మూడు బాడుగ కార్లు నిలబడేవి, నడిమిది మాది. మా ఇల్లు ఆ గోడ పక్కనే, చర్చి మనుషులుండే వీధిలో. పొద్దున లేస్తే నీలగిరి ఆకు వాసన, ఆస్పత్రి ఫినాయిలు వాసన, అమ్మ పొయ్యి మీద రాగి సంగటి వాసన కలిసి వచ్చేవి. వీటన్నిటికన్నా నాకు నాయన చొక్కాలోని పెట్రోలు వాసన ఇష్టం. ఉతకడానికి నానబెట్టేముందు దాన్ని ముక్కుకు ఆనించుకునేదాన్ని. "ఆ కంపు ఏం కంపే నీకు, అత్తరా?" అని అమ్మ లాక్కునేది.

మా ఇంట్లో ఊళ్ళ దూరం రూపాయల్లో చెప్పుకునేవాళ్ళం, పోయి రావడానికి పట్టే పెట్రోలు ఖర్చు. కురబలకోట మూడు రూపాయలు. వాయల్పాడు ఆరున్నర. పుంగనూరు ఎనిమిది. కుప్పం ముప్పై. బళ్ళో అయ్యవారు పటం విప్పి, కుప్పం ఇక్కడికి ఎంత దూరమని అడిగితే నేను లేచి "ముప్పై రూపాయలు సార్" అన్నాను. తరగతంతా నవ్వింది, అరచేతి మీద బెత్తం పడింది. ఇంటికొచ్చి చెబితే నాయన నా చెయ్యి పట్టుకుని చూసి, "ఆయప్పకు కారు లేదు కదా పాపా, ఎట్ల తెలస్తాది?" అన్నాడు.

ఆ గేటు దగ్గర ఒక వాడుక ఉండేది. ఇప్పటివాళ్ళకు చెబితే కట్టుకథ అనుకుంటారు.

ఆ కాలంలో ఆ జబ్బు వచ్చిన మనిషి ఆస్పత్రిలో చేరితే ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు ఉండాలి. ఇంటివాళ్ళు తీసుకొచ్చి వదిలి, గేటు దగ్గర నిలబడి ఏడ్చి వెళ్ళేవాళ్ళు. వెళ్ళేముందు మా నాయనకు తెచ్చిన బాడుగ ఇచ్చి, మళ్ళీ అంతే డబ్బు రెండోసారి చేతిలో పెట్టేవాళ్ళు. దాన్ని తిరుగు బాడుగ అనేవాళ్ళు. మనిషి బాగై ఇంటికి పోయే రోజుకు బాడుగ అది. ముందే ఇచ్చేస్తే మనిషి తప్పకుండా తిరిగి వస్తాడని నమ్మకం. పుచ్చుకునేవాడు రెండు చేతులా పుచ్చుకుని "మళ్ళా నేనే తీసకపోతా" అనాలి. ఆ మాట అన్నాక ఎన్నాళ్ళు గడిచినా ఒక్క పైసా ఎక్కువ అడగకూడదు. మనిషి తిరిగి రాకపోతే డ్రైవరే ఆ ఇంటికి వెళ్ళి డబ్బు అప్పగించాలి.

నాయన ఒకసారి వాయల్పాడు పక్క పల్లెకు అలా వెళ్ళి వచ్చాడు. ఆ పనికి కారు తీసుకుపోకూడదని బస్సులో వెళ్ళాడు. వచ్చి అన్నం ముట్టలేదు. "వాళ్ళమ్మ తీసుకోనంటాది. తీసుకుంటే నా బిడ్డ పొయినట్టే కదప్పా అంటాది. గడప మింద పెట్టి వచ్చేసినా" అని అమ్మతో చెప్పడం విన్నాను.

మా జేజికి, అంటే నాయన తల్లికి, చదువు రాదు. ఆమె లెక్కంతా చింతగింజల్లో. గూట్లో బైబిలు పక్కన ఒక గాజు సీసా ఉండేది. ఒక్కో తిరుగు బాడుగకు అందులో ఒక్కో గింజ. మనిషి ఇంటికి చేరితే ఆ గింజ తీసి పొయ్యిలో వేసేది. ఒకసారి వామనగుంటలు ఆడుకోవడానికి గింజలు చాలక, ఆ సీసాలోంచి రెండు తీసుకున్నాను. పొద్దున్నే జేజి లెక్కపెట్టి చూసి గూడు ముందే కూలబడింది. "ఎవురో ఇద్దురు పొయినార్రా నాయనా!" అని శోకాలు. నాయన సగం గడ్డం గీసుకున్న మొహంతోనే ఆస్పత్రికి పరుగెత్తి, వార్డు వార్డూ తిరిగి చూశాడు. అందరూ నిక్షేపంగా ఉన్నారు. ఒకాయన గంజిలో ఉప్పు లేదని తగువు కూడా పెట్టుకుంటున్నాడట. ఆ తర్వాత నా వీపు సంగతి చెప్పనక్కర్లేదు. దెబ్బలు రెండు రోజుల్లో మానిపోయాయి గానీ, ఆ సీసాను తాకితే మనుషుల ప్రాణాలను తాకినట్టేనని నాలో ఒక భయం నాటుకుపోయింది.

నాకు పదేళ్ళప్పుడు పెట్రోలు ధర ఎక్కడం మొదలైంది. ఎక్కడో దూరదేశాల్లో ఏదో గొడవని టీకొట్టు రేడియో చెప్పింది. రూపాయి పావలా కూడా లేనిది ఒకటిన్నర అయింది. "ఎక్కినేది దిగదా? చింతపండు దిగలా? ఉల్లిగడ్డ దిగలా?" అంది జేజి. ఆమె ఇంకా అణాల్లో ఆలోచించే మనిషి. పావలా ఇస్తే నాలుగణాలని మనసులో మార్చుకుని, ఇంత డబ్బా అని కళ్ళు పెద్దవి చేసేది. ఎక్కిన ధర వానలు పడితే దిగుతుందని మనస్ఫూర్తిగా నమ్మిన కడపటి తరం ఆమెది. నాయన కూడా నమ్మాడు. అది రెండు దాటింది. తర్వాత మూడుకు దగ్గరైంది. మా లెక్కలో పుంగనూరు ఎనిమిది రూపాయల నుంచి ఇరవై రూపాయల దూరానికి జరిగిపోయింది. కుప్పం డెబ్బై అయి కూర్చుంది.

బాడుగ పెంచుదామంటే జనం ఒప్పుకోరు. కురబలకోట రైతు ఒకాయన భుజాన సెనక్కాయల మూటతో నిలబడి నాయనను నిలదీశాడు.

"పోయిన నెల ఆరు రూపాయలే కదప్పా. ఈ నెల పది అంటాండావు. దోవ ఏమన్నా సాగిందా?"

"దోవ అంతే ఉండాది మామా. పెట్రోలు ఎక్కింది."

"నా సెనక్కాయలు దిగతాండాయి, నీ పెట్రోలు ఎక్కతాండాది. ఇదేం న్యాయం? యాడన్నా మధ్యలో కలుసుకుందామా?"

చివరికి ఏడు రూపాయలూ, ఒక పడి సెనక్కాయలూ ఇచ్చాడు. ఆ వారమంతా మా ఇంట్లో సంగటిలోకి సెనక్కాయల పచ్చడి, ఊరిబిండే. నాయన దిగుడు కనిపిస్తే చాలు ఇంజను ఆపేసి కారును వదిలేసేవాడు. "ఇది ప్రభువు ఇచ్చిన దిగుడు, దీనికి బిల్లు లేదు" అనేవాడు. వెనక సీటులోవాళ్ళు ఇంజను చప్పుడు ఆగేసరికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఇంట్లో చక్కెర పోయి బెల్లం వచ్చింది. ఆదివారం కూర నెలకొకసారి అయింది.

వీటన్నిటికన్నా పెద్ద బరువు ఆ సీసాలోని గింజలు. పాత ధర మీద నాయన పుచ్చుకున్న తిరుగు బాడుగలు ఐదు ఉన్నాయి. పక్క కార్లవాళ్ళు ఇద్దరూ అప్పటికే గీత గీసేశారు. "పాత మాట పాత పెట్రోలుతో పాయ. మిగిలింది ఇచ్చి ఎక్కండి" అనేవాళ్ళు. వాళ్ళను తప్పు పట్టలేను, వాళ్ళకూ పిల్లలున్నారు. మా నాయన మాత్రం అడగలేకపోయాడు. బాగైన మనుషులు నవ్వుకుంటూ ట్రంకుపెట్టెతో గేటు దాటి వచ్చి నేరుగా మా కారు దగ్గర నిలబడేవాళ్ళు. ఏడాదిన్నర లోపల ఉన్నవాళ్ళకు బయట ఏం జరిగిందో ఏం తెలుసు? నాయన డిక్కీ తెరిచేవాడు. అలా నాలుగు గింజలు పొయ్యిలో పడ్డాయి. నాలుగుసార్లూ చేతి డబ్బు పోసి పెట్రోలు పట్టించాడు. ఆ ఏడాది గడిచాక ఆ గేటు దగ్గర మా నాయనతో సహా ఎవరూ తిరుగు బాడుగ పుచ్చుకోలేదు. రేపటి ధర తెలియనప్పుడు రేపటికి మాట ఇచ్చేదెట్లా? బిడ్డను వదిలిపోయే తల్లులు నోట్లు చాచి నిలబడేవాళ్ళు, డ్రైవర్లు చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది.

మిగిలిన ఐదో గింజ కుప్పం అక్కది.

ఆమె ఊరు కుప్పం అవతల పట్టుపురుగులు పెంచే పల్లె. పదినెలల మగబిడ్డను అత్త చేతిలో పెట్టి ఆస్పత్రికి వచ్చింది. వాళ్ళ మామ తిరుగు బాడుగ కింద యాభై రూపాయలు నాయన చేతిలో పెట్టిపోయాడు. అది ఎప్పుడో టైరుకు పోయింది. బడి లేని రోజుల్లో నేను ఆస్పత్రి కంచె ఇవతల నిలబడితే, ఆమె వరండాలో కూర్చుని నాతో మాట్లాడేది. దగ్గరికి రానిచ్చేది కాదు. "ఆడే నిలబడు పాపా, నా గాలి నీకొద్దు" అనేది. ఆమె మాటలన్నీ ఆ బిడ్డ గురించే. ఏడాదిన్నర పిల్లోడు ఏమేం మాట్లాడతాడు? పరుగెత్తుతాడా? పచ్చిమిరపకాయ నోట్లో పెట్టుకుంటాడా? నేను మా వీధిలోని పిల్లలను చూసి వచ్చి చెప్పేదాన్ని. తెలియనివి కల్పించి చెప్పేదాన్ని. ఆమె అన్నీ నమ్మేది.

వానలు మొదలయ్యాక, వచ్చే నెల ఆమెను పంపించేస్తారని తెలిసింది. ఆ రోజు అమ్మ పొయ్యి ముందు కూర్చుని లెక్క చెప్పింది.

"కుప్పానికి పొయ్యిరాను డెబ్బై పైన పెట్రోలుకే గావాల. మనింట్లో ఉండేది ముప్పై. ఆయమ్మను దింపి వచ్చిన మరుసునాడు కారు కదలదు. పక్క కారాయన మన కారును కొంటానంటాండాడు. ఇంగ అమ్ముకోవాల్సిందే."

నాయన సంగటి ముద్ద విరిచాడు.

కారు అమ్మేస్తే మా నాయన ఏం చేస్తాడు? ఆ చొక్కాకు ఏ వాసన ఉంటుంది? రోజూ పడుకునేముందు మా ఇంట్లో ప్రార్థన ఉండేది. నాయన కళ్ళు మూసుకుని, బైబిలు భాషలో, గింజల్లోని ఒక్కొక్క మనిషి కోసం గట్టిగా ప్రార్థించేవాడు. "తండ్రీ, కుప్పం నుండి వచ్చిన నీ కుమార్తెను స్వస్థపరచి త్వరగా ఇంటికి చేర్చుము" అన్నాడు ఆ రోజు కూడా. అందరూ ఆమేన్ అన్నారు. నేను ఆమేన్ అనకుండా పెదవులు బిగించి, మనసులో నా మాటల్లో అడిగాను. "ప్రభువా, పెట్రోలు దిగిందాకా కుప్పం అక్కను ఆడే ఉంచు." మరుసటి రోజూ అడిగాను. మూడో రోజూ అడిగాను.

నాలుగో రోజు ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తిలో ఇంకా ఒక మచ్చ ఉందట. ఇంకో నాలుగు నెలలు ఉండాలన్నారు.

వార్త తెచ్చింది అమ్మే. "పాపం, పెట్టె సర్దుకోనుండాది. గోడకు తిరిగి పండుకోనుండాది, ఎవురితోనూ మాట్లాడలా" అంది. చింతగింజలు రెండు తీస్తేనే అంత గొడవ అయింది, ఇప్పుడు నేను నేరుగా దేవుడినే అడిగాను. ఆయన విన్నాడు. ఆ నాలుగు నెలలూ నేను కంచె దగ్గరికి పోలేదు. ఎందుకు రాలేదని ఆమె అడిగి పంపితే కడుపునొప్పి అన్నాను. నా ప్రార్థనను వెనక్కి తీసుకుంటున్నానని రోజూ చెప్పుకున్నాను. వెనక్కి తీసుకున్న ప్రార్థన చెల్లుతుందో లేదో ఎవరిని అడగాలో తెలియలేదు.

నాలుగు నెలలు గడిచాయి. పెట్రోలు దిగలేదు. అక్కకు మచ్చ పోయింది. బళ్ళకు సెలవులప్పుడు ఆమెను పంపించారు. ఆడమనిషి ఒంటరిగా పోతోంది కాబట్టి తోడు పొమ్మని అమ్మ నన్ను కారెక్కించింది. నాయన కారు అమ్మలేదు. పెట్రోలు కోసం స్టెప్నీ అమ్మాడు, పక్క కారాయనకే. అదనపు చక్రం లేకుండా కుప్పం దాకా పోయి రావడమంటే మాటలా? "మేకు కనపడితే సెప్పు పాపా" అని నన్ను ముందు సీటులో కూర్చోబెట్టాడు. దారి పొడుగునా నా కళ్ళు రోడ్డు మీదే.

పుంగనూరు బజారులో కుప్పం అక్క కారు ఆపమంది. బిడ్డకు మిఠాయి కొనాలట. రైకలోంచి రూపాయి నోటు తీసింది.

"ఒగ రూపాయికి లడ్లు ఇయ్యప్పా. పెద్ద పొట్లం గట్టు, పిల్లోడు సంతోషపడాల."

అంగడాయన నాలుగు లడ్లు పొట్లం కట్టాడు. అక్క పొట్లాన్ని చేత్తో తూచి చూసింది.

"రూపాయికి ఇంతేనా? నేను పొయ్యేటప్పుడు డజను ఇస్తాంటివి కదా!"

"యాడికి పొయ్యుంటివమ్మా నువ్వు?"

"ఆస్పత్రికి."

"ఏమో అనుకుంటి, పరలోకానికేమో అని" అన్నాడు అంగడాయన. తమాషాకే అన్నాడు గానీ, ఆమె మొహం చూసి నాలుక కరుచుకుని ఇంకో లడ్డు వేశాడు. అక్క కారెక్కి ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నన్ను అడిగింది.

"పాపా, నీకు ఎన్నేండ్లప్పటి నుంచి అన్నీ గుర్తుండాయి?"

నేను ఆలోచించి, "నాలుగేండ్లప్పటి నుంచి అక్కా" అన్నాను. అబద్ధం చెప్పి ఉండాల్సింది. మిగతావన్నీ అంత కల్పించి చెప్పినదాన్ని, ఆ ఒక్కటి ఎందుకు నిజం చెప్పానో తెలియదు.

పలమనేరు దాటాం. చెట్టు నీడన ఆగి అమ్మ కట్టిచ్చిన సంగటి తిన్నాం. కుప్పం దగ్గరపడే కొద్దీ టీకొట్ల దగ్గర అరవమూ కన్నడమూ కలిసిన మాటలు వినబడ్డాయి. మల్బరీ తోటల మధ్య పల్లె. కారు చప్పుడుకే ఊరంతా వచ్చేసింది. వాళ్ళ మామ, అత్త, మొగుడు గడప దగ్గర నిలబడ్డారు. అత్త కొంగు పట్టుకుని మొలతాడు తప్ప ఒంటి మీద ఏమీ లేని పిల్లవాడు ఒకడు మా కారునే చూస్తున్నాడు.

అక్క కిందికి దిగి, చేతులు చాచి, "రా నాయనా" అంది.

వాడు అత్త వెనక్కి పోయాడు. తల మాత్రం బయట పెట్టి, "అమ్మా, ఎవురు?" అని అత్తను అడిగాడు. అత్తనే అమ్మా అంటున్నాడు. అక్క లడ్డు తీసి చూపించింది. రాలేదు. చివరికి ఆమె ఆ లడ్డు నా చేతికిచ్చి, "నువ్వియ్యి పాపా" అంది. నేనిచ్చాను. వాడు నా దగ్గర తీసుకుని తిన్నాడు. నాలుగు నెలల ముందు వచ్చుంటే గుర్తుపట్టేవాడేమో, నేనే కదా ఆపింది! నాకు ఏడుపు ఆగలేదు. అక్కను వదిలి పోవాల్సిన బెంగ అనుకుని వాళ్ళత్త నన్ను దగ్గరికి తీసుకుంది. అది ఇంకా ఘోరంగా ఉండింది.

నాయన బయలుదేరబోతుంటే వాళ్ళ మామ వచ్చాడు. చేతిలో మూడు పది రూపాయల నోట్లు.

"నేనూ బస్సుల్లో తిరగతాండా కదప్పా, ధరలు నాకూ తెలుసు. యాభైకి నీకు పెట్రోలే రాదు. ఇది పెట్టుకో."

"తిరుగు బాడుగ ఆ పొద్దే ముట్టింది పెద్దాయనా."

"అది పాత లెక్క."

"ఇప్పుడు ఇంగా తీసుకుంటే, ఆయమ్మ తిరిగొస్తాదని ఆ పొద్దు నేను నమ్మనట్టే కదా" అన్నాడు నాయన. పెద్దాయన నోట్లు జేబులో కుక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ముప్పై రూపాయలు! స్టెప్నీ మళ్ళీ వచ్చేది. ఇంత మంచివాడైన మనిషి కడుపున నాలాంటిది ఎట్లా పుట్టిందా అనుకున్నాను.

తిరుగు దారిలో పొద్దు వాలుతోంది. పలమనేరు ఇవతల ఒక దిగుడు దగ్గర నాయన ఇంజను ఆపేశాడు. చప్పుడు ఆగిపోయింది, గాలి మాత్రం వినబడుతోంది. ఇంక నా వల్ల కాలేదు.

"నాయనా, నేను దేవున్ని అడిగినా. కుప్పం అక్కను ఆడే ఉంచమని. పెట్రోలు దిగిందాకా."

ఆయన కారును రోడ్డు పక్కకు తీసి నిలిపాడు. కొడతాడనుకున్నాను.

"ఎప్పుడు?"

"వానలప్పుడు. ఎక్స్‌రే తియ్యకముందు."

"ఎన్ని దినాలు అడిగినావు?"

"మూడు."

నాయన స్టీరింగు మీది దుమ్మును గుడ్డతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"నేను నెలంతా అడిగినా పాపా" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన నా వైపు చూడలేదు. పైకి గట్టిగా స్వస్థపరచుము తండ్రీ అని, లోపల నేను అడిగిందే నెల రోజులు అడిగాడు మా నాయన. ఆ ముప్పై రూపాయలు ఎందుకు ముట్టలేదో అప్పుడు తెలిసింది. నేను ఏడుస్తూ ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. తర్వాత మామూలు గొంతుతో అడిగాడు.

"పెట్రోలు దిగిందాకా అని కదా అడిగినావు?"

"ఊ."

"దిగిందా?"

"లేదు."

"ఆయమ్మ ఇప్పుడు యాడుండాది?"

"వాళ్ళింట్లో."

"అంటే దేవుడు మన మాట ఇనలా. కండ్లు తుడుసుకో, మేకులు సూడాల."

మూడు నెలలకు కుప్పం అక్క దగ్గరి నుంచి ఒక కార్డు వచ్చింది, పిల్లవాడు ఇప్పుడు తన కొంగు వదలడం లేదని. జేజి దాన్ని రెండుసార్లు చదివించుకుంది. కారు ఇంకో రెండేళ్ళు నడిచి పాత ఇనుము కింద తూకానికి పోయింది. నాయన ఆ తర్వాత ఊరి మిల్లులో పనికి కుదిరాడు, ఆ చొక్కాకు నూనె వాసన వచ్చేది. ఇప్పుడు ఆయన లేడు, జేజి లేదు. పెట్రోలు రేట్లు నేను పేపర్లో ఇప్పటికీ చూస్తాను, కారు లేకపోయినా. అది మళ్ళీ ఎన్నడూ ఆ పాత ధరకు దిగలేదు. దేవుడు ఆ ఏడాది మా ఇద్దరి మాటా విని ఉంటే, కుప్పం అక్క ఈ రోజుకూ ఆ వరండాలోనే కూర్చుని ఉండేది.